ఇంజన్ ఆయిల్లో నీళ్లు కలుస్తుంటే హెడ్డు విప్పే ముందు కింద నుంచి చూడండి

బ్రదర్, మీరు రాసింది మొత్తం చదివాను. ఆరు సిలిండర్ల డీజిల్ లారీ, వెట్ లైనర్ల ఇంజన్ (పిస్టన్ ఆడే గొట్టాల, అంటే లైనర్ల, చుట్టూ నేరుగా నీళ్లు తిరిగేది), కూలెంట్, అంటే ఇంజన్ని చల్లబరిచే నీళ్లు, రోజూ తగ్గుతోంది, బయట ఎక్కడా చుక్క కనపడట్లేదు, డిప్‌స్టిక్ మీద లెవెల్ పెరిగింది, ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీ రంగులోకి వచ్చేసింది, మీ మెకానిక్ ఏమో హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్డుకీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు పలక) పోయింది హెడ్డు ఎత్తేద్దాం అంటున్నాడు. అతను చెప్పేది కరెక్టేనా, పని మొదలెట్టేదాకా బండి నడుపుకోవచ్చా, లీకేజీ ఆపే పౌడర్ ఏదైనా పోస్తే సరిపోతుందా అని కదా అడిగారు.

ముందు నడపడం సంగతి చెప్పేస్తా. నడపొద్దు. స్టార్ట్ కూడా చెయ్యొద్దు, వర్క్‌షాప్ దాకా అయినా సరే లాక్కునే వెళ్ళండి. నీళ్లు కలిసిన ఆయిల్‌కి బేరింగ్ దగ్గర పొర నిలబెట్టే బలం ఉండదు, పైగా మీ కూలెంట్లో ఉన్న గ్లైకాల్ ఆయిల్లోని మసితో కలిసి జిగట బురదలాగా తయారై ఫిల్టర్‌ని మూసేస్తుంది, ఫిల్టర్ మూసుకుంటే బైపాస్ వాల్వ్ తెరుచుకుని ఫిల్టర్ కాని ఆయిల్ నేరుగా క్రాంక్ దగ్గరికి పోతుంది. ఇవాళ సీలుతోనో కూలర్‌తోనో పోయే పని రెండ్రోజులు నడిపితే క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్ దాకా వెళ్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది, నీళ్లు సిలిండర్‌లోకి కూడా దిగుతుంటే రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌కి పొద్దున్నే సెల్ఫ్ కొట్టారనుకోండి, నీళ్లు నొక్కుకుపోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. అందుకని ఇంజెక్టర్లు తీసేసి క్రాంక్‌ని చేత్తో ఒక రౌండ్ తిప్పి చూసేదాకా స్టార్టర్ జోలికి పోవద్దు.

ఇక మెకానిక్ మాట. హెడ్ గ్యాస్కెట్ అయ్యుండొచ్చు, కాదని నేననను. కానీ కారు ఇంజన్లో అయితే ఫస్ట్ అనుమానం హెడ్ గ్యాస్కెట్ మీద పెట్టడంలో అర్థం ఉంది గానీ లారీ ఇంజన్లో కూలెంట్ ఆయిల్లోకి రావడానికి దారులు చాలా ఉన్నాయి, ఆయిల్ కూలర్ (నీళ్లతో ఆయిల్ని చల్లబరిచేది), లైనర్ కింద ఓ రింగులు (రబ్బరు సీలు రింగులు), లైనర్‌కే పడిన బొక్క, ఇంజెక్టర్ స్లీవ్ (ఇంజెక్టర్ కూర్చునే గొట్టం), హెడ్డు పగులు, హెడ్డులో కోర్ ప్లగ్గులు (నీళ్ల దారుల రంధ్రాలు మూసే బిళ్లలు), గేర్ మీద నడిచే వాటర్ పంపు, నీళ్లతో చల్లబడే ఎయిర్ కంప్రెసర్, టైమింగ్ కవర్ గ్యాస్కెట్, వీటిలో సగానికి పైగా హెడ్డు ఎత్తితే కనపడనే కనపడవు. పైగా హెడ్డు ఎత్తిన తర్వాత కూలింగ్ సిస్టమ్‌కి ప్రెషర్ పెట్టి చూసే అవకాశం పోతుంది. సాక్ష్యం ఉన్న చోటుని మీ చేత్తో మీరే విప్పేసి ఆ తర్వాత వెతుక్కోవడం అన్నమాట. కాబట్టి నేను చెప్పేది ఒకటే, ఇంజన్ పూర్తిగా బిగించి ఉండగానే నీళ్లకి ప్రెషర్ పెట్టండి, ఆయిల్ చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించండి, కింద పడుకుని చుక్క ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి, అది చూశాకే పైన ఏం విప్పాలో డిసైడ్ చేసుకోండి.

అంతకంటే ముందు అది నిజంగా కూలెంటేనా అని ఖాయం చేసుకోవాలి. ఆయిల్ పోసే మూత లోపల, టాపెట్ కవర్ (హెడ్డు పైమూత) లోపల తెల్లటి నురగ ఒక్కటే చూసి భయపడిపోయేవాళ్ళు చాలామంది, చల్లటి వాతావరణంలో దగ్గర దగ్గర ట్రిప్పులు వేసే బండికి ఇంజన్ పూర్తిగా వేడెక్కక లోపల ఆవిరి చెమ్మగా మారి అలా పేరుకుంటుంది, కూలెంట్ లెవెల్ తగ్గదు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలుగానే ఉంటుంది, లోడుతో ఒక లాంగ్ ట్రిప్ వేస్తే అదే పోతుంది. అలాగే లెవెల్ పెరగడం కూడా ఒక్క నీళ్ల వల్లే కాదు, డీజిల్ దిగినా పెరుగుతుంది, కాకపోతే అప్పుడు ఆయిల్ తెల్లబడదు, పల్చబడి డీజిల్ వాసన కొడుతుంది. మీకు రంగు మారింది, కూలెంట్ తగ్గుతోంది, లెవెల్ పెరిగింది, మూడూ కలిసి వచ్చాయి కాబట్టి పెద్దగా డౌట్ లేదు, అయినా ఇంకో రెండు చిన్న పనులు చెయ్యండి.

ఒకటి, బండి రాత్రంతా కదలకుండా ఉంచి పొద్దున్నే ఆయిల్ డ్రెయిన్ బోల్టుని పూర్తిగా తియ్యకుండా మెల్లగా లూజ్ చెయ్యండి. కూలెంట్ ఆయిల్ కంటే బరువు, అడుగుకి దిగిపోతుంది, కాబట్టి ముందు వచ్చేది ఏంటో చూస్తే చాలు. శుభ్రమైన గాజు సీసాలో ఆ మొదటి కాస్త పట్టుకోండి. కూలెంట్ రంగు నీళ్లు విడిగా వస్తే లీకేజీ గట్టిదే, ఇంజన్ ఆగి ఉన్నప్పుడే దిగుతోంది అని కూడా అర్థం. మొత్తం కలిసిపోయిన తెల్ల ఆయిలే వస్తే అది తిరుగుతున్నప్పుడు బాగా చిలికేసినట్టు, అప్పుడు విడిగా నీళ్లు రాకపోయినా లీకు లేదనుకోవద్దు.

రెండోది చుక్క టెస్టు, ఒక ఇనప పలకని 150 - 160 డిగ్రీల దాకా వేడి చేసి దాని మీద ఒక్క చుక్క ఆయిల్ వెయ్యడమే, నీళ్లుంటే చిటపటమని బుడగలు లేస్తాయి, లేకపోతే ఊరికే పరుచుకుంటుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి, మొహం దగ్గర పెట్టొద్దు. ఇది మీలాగా రంగు మారిపోయిన ఆయిల్‌కి పెద్దగా అక్కర్లేదు గానీ రంగు మారకముందే అనుమానం వచ్చిన వాళ్లకి పనికొస్తుంది.

ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపే వీలుంటే తప్పకుండా పంపండి. వేడి ఇంజన్లో నీళ్లు ఆవిరైపోతాయి, కాబట్టి సన్నగా లీకవుతున్న బండిలో నీళ్లు తక్కువే కనపడతాయి గానీ కూలెంట్లో ఉండే సోడియం, పొటాషియం ఎక్కడికీ పోవు, రిపోర్టులో ఆ రెండూ పాత శాంపిల్ కంటే బాగా పెరిగి ఉంటే కూలెంట్ దిగుతోందనే లెక్క. వాటితో పాటు సీసం, రాగి కూడా పెరిగాయంటే బేరింగులు తినడం మొదలైంది అని. ఒక్క రాగి మాత్రమే పెరిగితే ఆత్రపడకండి, కొత్త ఆయిల్ కూలర్ లోపలి రాగి ఆయిల్లోకి కరగడం మామూలే. మీ కూలెంట్ శాంపిల్ కూడా ఒకటి జతచేసి పంపితే పోల్చుకోవడం తేలిక, ఎందుకంటే ఒక్కో కూలెంట్లో వేసే మందులు ఒక్కో రకం.

ఇప్పుడు అసలు లాజిక్కి వద్దాం, ఇది పట్టుకుంటే సగం డయాగ్నసిస్ పానా పట్టకుండానే అయిపోతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ 3 నుంచి 5 బార్ దాకా ఉంటుంది, కూలెంట్ ప్రెషర్ రేడియేటర్ మూత ఎంత ఆపగలదో అంతే, అంటే సుమారు ఒక బార్. ఈ రెండూ ఎదురుబొదురుగా ఉండే చోట, అంటే ఆయిల్ కూలర్లో, బొక్క పడిందనుకోండి, నడుస్తున్నంత సేపు ఆయిలే నీళ్లలోకి పోతుంది. ఇంజన్ ఆపేశాక ఆయిల్ ప్రెషర్ సున్నా, కానీ వేడి నీళ్ల ప్రెషర్ ఇంకా చాలాసేపు అలాగే ఉంటుంది, అప్పుడు నీళ్లు అదే బొక్కలోంచి ఆయిల్లోకి వస్తాయి. కాబట్టి ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మూత తీసి లోపల వేలు పెట్టి చూడండి, ఇంజన్ చల్లబడ్డాకే సుమా. గోడలకి నల్లటి జిడ్డు, మీగడలాంటి ముద్ద తగిలితే రెండు వైపులా కలుస్తోందని, ఆయిల్ కూలర్ మీద ఫస్ట్ అనుమానం. నీళ్లు శుభ్రంగా ఉండి ఆయిల్ ఒక్కటే పాడైతే నీళ్లు ప్రెషర్ లేని చోటికి, అంటే లైనర్ కింద నుంచో హెడ్డు పైనుంచో టైమింగ్ కవర్ వైపు నుంచో, నేరుగా చాంబర్‌లోకి కారుతున్నాయని అర్థం. మీరు ఈ సంగతి రాయలేదు, అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే.

నీళ్లలో ఆయిల్ కనపడితే దాని రంగు కూడా చూడండి. ఆటోమేటిక్ గేర్‌బాక్సో హైడ్రాలిక్ రిటార్డరో (ఆయిల్‌తో బండి వేగం తగ్గించే అదనపు బ్రేకు) ఉన్న బళ్లకి వాటి ఆయిల్ కూడా ఇవే నీళ్లతో చల్లబడుతుంది, ఆ కూలర్ పోయినా రేడియేటర్లో జిడ్డు తేలుతుంది. డీజిల్ ఇంజన్ ఆయిల్ నల్లగా ఉంటుంది, తేలేది ఎర్రగానో తేనె రంగులోనో ఉంటే ఇంజన్ని వదిలేసి అటు చూడండి.

ఆయిల్ చాంబర్ విప్పే ముందు పైన చేసే పనులు మూడు నాలుగు ఉన్నాయి. ఎయిర్ ట్యాంకుల డ్రెయిన్ లాగండి, మామూలు చెమ్మ నీళ్లు కాకుండా కూలెంట్ రంగు, తియ్యటి వాసన వస్తే ఎయిర్ కంప్రెసర్ హెడ్డు పోయినట్టే, ఎందుకంటే కంప్రెసర్‌లోకి దిగిన నీళ్లు కొంత గాలితో పాటు ట్యాంకులోకి పోతాయి, కొంత రింగులు దాటి దాని ఆయిల్ రిటర్న్ ద్వారా ఇంజన్ చాంబర్‌లోకి వస్తాయి. ఈ కంప్రెసర్ ఇంకో తికమక కూడా పెడుతుంది, అది నీళ్లలోకి గాలి కొడితే రేడియేటర్లో బుడగలు వస్తాయి, అందరూ హెడ్ గ్యాస్కెట్ అనేస్తారు. తేల్చుకోవడం కష్టమేం కాదు, దానికి పోయే రెండు నీళ్ల పైపులూ తీసి ఒకదానికొకటి కలిపేసి మళ్ళీ ప్రెషర్ టెస్ట్ చెయ్యండి, ప్రెషర్ ఇప్పుడు నిలబడితే దొంగ దొరికినట్టే. అలా కలిపి ఉంచి బండి మాత్రం నడపకండి.

ఈజీఆర్ కూలర్ (ఇంజన్ పొగలో కొంత భాగాన్ని మళ్ళీ ఇంజన్లోకి పంపే ముందు చల్లబరిచేది) ఉన్న ఇంజనైతే అదీ ఇలాగే బైపాస్ చేసి చూడొచ్చు, అది పోతే మామూలుగా నీళ్లు సైలెన్సర్ వైపు పోయి తెల్ల పొగ, తియ్యటి వాసన వస్తాయి, ఆయిల్లోకి రావడం తక్కువ, కానీ బాగా ముదిరితే ఆగి ఉన్నప్పుడు సిలిండర్‌లో నిండి రింగుల పక్క నుంచి కిందికి దిగుతుంది.

తర్వాత వాటర్ పంపు. గేర్‌తో నడిచే పంపులో నీళ్ల వైపు ఒక సీలు, ఆయిల్ వైపు ఒక సీలు, మధ్యలో కిందికి తెరుచుకున్న చిన్న రంధ్రం ఉంటాయి. నీళ్ల సీలు పోతే ఆ రంధ్రంలోంచి బయటికి కారి నాకు టైమ్ అయిపోయింది అని చెప్పాలి, అందుకే ఆ రంధ్రం పెట్టింది. మా దగ్గరికి ఒక లారీ వచ్చింది, వేరే చోట హెడ్డు ఎత్తి, ప్లెయినింగ్ (అడుగు చదును) చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి ఇచ్చారట, వారం తిరక్కుండా ఆయిల్ మళ్ళీ తెల్లబడింది. పంపు కింద వేలితో తడిమితే రంధ్రం ఉండాల్సిన చోట గట్టిగా ఏదో తగిలింది, మట్టి గీకి లైట్ పెట్టి చూస్తే ఎవరో మహానుభావుడు అందులో మర కొట్టి స్క్రూ బిగించి పైన గ్యాస్కెట్ పేస్టు పూశాడు, కారుతోందని! నీళ్లకి బయటికి దారి లేక ఆయిల్ సీలు దాటుకుని టైమింగ్ కేసులోకి పోయాయి. స్క్రూ విప్పగానే సన్నగా ధార కట్టింది. పంపు మార్చాం, అంతే. కాబట్టి ఆ రంధ్రం తెరిచి ఉందా లేదా అని చూడండి, మట్టితో, గ్రీజుతో మూసుకున్నా ఇదే కథ.

టాపెట్ కవర్ కూడా తియ్యండి. చల్లటి ఇంజన్‌కి ప్రెషర్ పెట్టి పైన లైటు వేసి అరగంట కూర్చుంటే కోర్ ప్లగ్గు కారినా, ఇంజెక్టర్ చుట్టూ నీరు ఊరినా, హెడ్డు పైభాగం పగిలినా అక్కడే కనపడుతుంది. అన్నిట్లో చవకైన టెస్టు ఇదే, అయినా ఎవ్వరూ చెయ్యరు.

ఇప్పుడు ప్రెషర్ టెస్టు పద్ధతి. ఇంజన్ చల్లగా ఉండాలి, నీళ్లు ఫుల్‌గా ఉండాలి, క్యాబిన్ హీటర్ వాల్వు తెరిచి ఉండాలి. రేడియేటర్ మూత మీద ఎంత ప్రెషర్ రాసి ఉందో అంతే పెట్టండి, త్వరగా తేలిపోవాలని ఎక్కువ కొట్టొద్దు, మంచిగా ఉన్న చోట కొత్త లీకు మీరే పెట్టినట్టవుతుంది. ఆ మూతని కూడా టెస్ట్ చేయించండి. గేజ్ ముల్లు చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, ఇంకా కాస్త వెచ్చగా ఉన్న ఇంజన్‌కి ప్రెషర్ పెట్టి రాత్రికి వదిలేస్తే నీళ్లు చల్లబడి సంకోచించి లీకు లేకపోయినా ముల్లు కొంచెం కిందికి దిగుతుంది, దాన్ని చూసి కంగారు పడకుండా మళ్ళీ పంపు కొట్టి నిలకడగా తగ్గుతోందా లేదా అన్నది చూడండి.

చాంబర్ దించండి. బండి కింద దూరే ముందు చక్రాలకి అడ్డు దిమ్మలు పెట్టి, జాకీ మీద కాకుండా గట్టి స్టాండు మీద నిలబెట్టండి. ఆయిల్ మొత్తం పట్టాక క్రాంక్, రాడ్లు, లైనర్ల కింది అంచులు అన్నీ గుడ్డతో తుడిచెయ్యండి, స్ప్రే కొట్టి ఆరబెడితే ఇంకా మంచిది, లేకపోతే పాత తెల్ల ఆయిల్ చుక్కలు పడుతూనే ఉంటాయి ఏది పాతదో ఏది కొత్తదో తెలీదు. ఇంజన్ పొడవునా కింద శుభ్రమైన అట్టముక్క పరిచి సిలిండర్ నంబర్లు రాసి పెట్టండి. ప్రెషర్ పెట్టండి. ఇక ఓపిక, కొన్నిటికి పది నిమిషాల్లో తెలుస్తుంది, కొన్నిటికి రాత్రంతా పడుతుంది. పొద్దున్నే అట్ట మీద తడి మచ్చ ఏ నంబర్ దగ్గరుందో అక్కడికి వెళ్ళి పైకి చూడండి. కూలెంట్ రంగు వెలిసిపోయి ఉంటే ముందే అతినీలలోహిత లైటుకి మెరిసే డై కలపండి, సన్న లీకులకి అది చాలా హెల్ప్ చేస్తుంది.

పైకి చూసినప్పుడు చుక్క ఎక్కడ వేలాడుతోందో అదే జవాబు. లైనర్‌కి బయటి వైపు, అంటే లైనర్‌కీ బ్లాక్‌కీ మధ్య సందులోంచి ఊరి లైనర్ కింది అంచు మీద చుక్క కడుతుంటే ఓ రింగు పోయింది. ఇది చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ కారుతుంది, రబ్బరు గట్టిపడి సైజు తగ్గి ఉంటుంది కాబట్టి, వేడెక్కితే లోహం సాగి సందు మూసుకుంటుంది. కొన్ని ఇంజన్లలో రెండు ఓ రింగుల మధ్య నుంచి బ్లాక్ బయటికి ఒక రంధ్రం ఉంటుంది, అక్కడ తడి కనపడితే చాంబర్ దించకుండానే తెలిసిపోతుంది.

లైనర్ లోపలి గోడ మీద నుంచి కారుతుంటే మాత్రం జాగ్రత్తగా చూడాలి. క్రాంక్ తిప్పుతూ ఆ పిస్టన్‌ని పైకి పంపండి, అప్పుడు లైనర్ లోపలి గోడ కింద నుంచి కనపడుతుంది. ఆరు సిలిండర్ల వరస ఇంజన్లో 1-6, 2-5, 3-4 జంటలుగా పైకి వెళ్తాయి కాబట్టి క్రాంక్‌ని మూడు పొజిషన్లలో ఆపితే ఆరూ చూసెయ్యొచ్చు. గోడ తుడిచి లైటు వేసి చూస్తూ ఉండండి, మధ్యలో ఎక్కడో సూది మొనంత చోట తడి మెరిసి మెల్లగా కిందికి గీతలాగా జారితే అది లైనర్‌కి పడిన బొక్క. పిస్టన్ గోడకి కొట్టుకుంటూ లైనర్‌ని అదిరిస్తుంటే బయట నీళ్లలో ఆవిరి బుడగలు పుట్టి లోహం మీదే పేలిపోతూ ఉంటాయి, వేలాది గంటలు అలా కొట్టి కొట్టి బయటి నుంచి గుంటలు తవ్వుకుంటూ లోపలికి వస్తాయి, అందుకే లోపల ఒక్క చుక్క కనపడుతుంది, లైనర్ లాగి బయటి వైపు చూస్తే నిలువుగా వరసగా గుంటలుంటాయి. ఉట్టి నీళ్లతో నడిపిన బళ్లకి, కూలెంట్‌లో మందు అయిపోయినా మార్చని బళ్లకి, మూత ప్రెషర్ ఆపని బళ్లకి ఇది ఎక్కువ. మీది ఉట్టి నీళ్లతో ఎన్నాళ్లు నడిచిందో ఒకసారి డ్రైవర్‌ని అడగండి. ఒక లైనర్‌కి బొక్క పడిందంటే మిగతా అయిదూ అదే నీళ్లలో మునిగి ఉన్నాయి, వాటినీ లాగి చూడకుండా ఒక్కటే మార్చి బిగించడం నాకు నచ్చని పని.

నీళ్లు గోడ మీద పైనుంచి, అంటే పైకి పంపిన పిస్టన్ రింగుల పక్క నుంచి, దిగుతుంటే సిలిండర్‌లోకే వస్తున్నాయి, అప్పుడు హెడ్ గ్యాస్కెట్, హెడ్డు పగులు, ఇంజెక్టర్ స్లీవ్ లిస్టులోకి వస్తాయి. ఇంజెక్టర్ రంధ్రంలోంచి చిన్న కెమెరా పంపి చూడండి, మిగతా పిస్టన్ తలలు నల్లగా మసి పట్టి ఉంటే నీళ్లు దిగే దాని తల ఆవిరితో కడిగినట్టు శుభ్రంగా ఉంటుంది. మీ మెకానిక్ మాట నిజమయ్యే కేసు ఇదొకటి. ఇంకొకటుంది, పుష్ రాడ్ల దారిలోంచో హెడ్డు నుంచి ఆయిల్ కిందికి దిగే రంధ్రంలోంచో నీళ్లు వస్తుంటే, పైన టాపెట్ కవర్ కింద ఏమీ దొరక్కపోతే, అది హెడ్డుకీ బ్లాక్‌కీ మధ్య గ్యాస్కెట్లో నీళ్ల రంధ్రానికీ ఆయిల్ రంధ్రానికీ మధ్య తెగినట్టు. అప్పుడు హెడ్డు ఎత్తండి, నిశ్చింతగా.

ముందు వైపు టైమింగ్ గేర్ల దగ్గర నుంచి వస్తుంటే వాటర్ పంపు, కవర్ గ్యాస్కెట్, కంప్రెసర్, ఈ మూడే.

బేరింగుల పక్క నుంచి, పిస్టన్ల కింద ఆయిల్ చిమ్మే జెట్ల నుంచి, ఆయిల్ పంపు పీల్చే పైపు నుంచి నీళ్లు కారుతుంటే ఆయిల్ గ్యాలరీలోకే (ప్రెషర్ ఆయిల్‌ని అన్ని చోట్లకీ పంచే ప్రధాన దారిలోకే) నీళ్లు వస్తున్నాయి, దానికి దాదాపు ఒకటే దారి, ఆయిల్ కూలర్. పంపు తర్వాత, గ్యాలరీకి ముందు ఉంటుంది కాబట్టి నీళ్లు రెండు వైపులా పోగలవు. మొదట గ్యాలరీలో మిగిలిన పాత ఆయిల్ కారుతుంది, అది అయిపోయి నీళ్లు మొదలయ్యేదాకా ఆగండి. కూలర్ని విప్పి విడిగా టెస్ట్ చెయ్యాలి, నీళ్ల వైపు తెరిచి ఉంచి ఆయిల్ వైపు రంధ్రాలని పలకలు, రబ్బరుతో మూసి కంపెనీ బుక్‌లో చెప్పినంత గాలి పెట్టి వేడి నీళ్ల తొట్టిలో ముంచండి. చన్నీళ్లలో బుడగ రాని కూలర్ వేడి నీళ్లలో బుడగలు కక్కడం మామూలే, సన్న పగుళ్లు వేడికే తెరుచుకుంటాయి. పోయిన కూలర్ని వెల్డింగ్ పెట్టించి వాడే ఆలోచన చెయ్యొద్దు, కొత్తది వెయ్యండి. కూలర్ బాగానే ఉంటే దాని కవర్ గ్యాస్కెట్, సీలు రింగులు చూడండి.

రాత్రంతా ప్రెషర్ పెట్టినా ఒక్క చుక్కా రాలేదనుకోండి, అలాంటివీ ఉంటాయి, వేడి మీద మాత్రమే తెరుచుకునే పగులు. బ్లాక్ హీటర్ ఉంటే దాంతో నీళ్లు వేడి చేసి ప్రెషర్ పెట్టి మళ్ళీ చూడండి. అదీ కాకపోతే హెడ్డు ఎత్తి పగుళ్ల టెస్టుకి పంపడమే మిగిలింది, అక్కడ నీళ్ల దారులు మూసి వేడి నీళ్లలో ముంచి గాలి పెడతారు, వాల్వు సీట్ల మధ్య, ఇంజెక్టర్ రంధ్రం చుట్టూ అయస్కాంత పొడితో చూస్తారు. హెడ్డు ఎత్తినప్పుడు ఊరికే గ్యాస్కెట్ మార్చి బిగించకుండా లైనర్లు బ్లాక్ పైకి ఎంత పొడుచుకు వచ్చాయో డయల్ గేజ్ పెట్టి ప్రతి సిలిండర్‌కీ నాలుగు చోట్ల కొలవమనండి, ఒక్క లైనర్ కిందికి కూర్చున్నా కొత్త గ్యాస్కెట్ కూడా అక్కడే పోతుంది, హెడ్డు ఎంత చక్కగా ప్లెయిన్ చేయించినా లాభం లేదు. ఇంతకీ బుడగల టెస్టు, నీలం రంగు ద్రవం రంగు మారే గ్యాస్ టెస్టు, ఇవన్నీ దహన గ్యాసు నీళ్లలోకి వస్తోందా అని చెప్పేవి, ఇంజన్ నడిపితేనే అవుతాయి, మీ ఆయిల్‌తో ఇంజన్ నడపకూడదు కాబట్టి వాటిని నేను ముందు చెప్పలేదు.

లీకు దొరికి బాగు చేశాక పని అయిపోలేదు. చాంబర్ ఎలాగూ దించారు కాబట్టి కనీసం ఒక మెయిన్ క్యాప్, ఒక రాడ్ క్యాప్ విప్పి బేరింగులు చూడండి, మెయిన్‌కి కింది ముక్క, రాడ్‌కి పై ముక్క, లోడు పడేవి అవే. నల్లగా మరకలు పడి, పైపొర లేచిపోయి ఉంటే మొత్తం సెట్ మార్చండి. పాత ఆయిల్ ఫిల్టర్ని కోసి మడతలు విప్పి చూస్తే లోపల ఏం జరిగిందో తెలుస్తుంది. కడగడానికి డీజిల్ పోసి ఇంజన్ తిప్పే అలవాటు కొందరికి ఉంది, దయచేసి వద్దు, ఉన్న కాస్త ఆయిల్ పొర కూడా పోతుంది. అదే గ్రేడ్ ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి ఐడిల్‌లో వేడెక్కేదాకా నడిపి వేడి మీదే దించేసి, మళ్ళీ కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వెయ్యండి, ఆ ఆయిల్ని కూడా మామూలు గడువు దాకా ఉంచకుండా తొందరగా మార్చి శాంపిల్ పంపండి. సోడియం, పొటాషియం తగ్గుతూ వస్తే సరే, కడిగాక కూడా పెరుగుతుంటే లీకు ఇంకా ఉంది. నీళ్ల వైపు ఆయిల్ పోయి ఉంటే నురగ రాని క్లీనర్‌తో తేటగా వచ్చేదాకా కడగాలి, ఆయిల్ పీల్చి ఉబ్బిన రబ్బరు పైపులు, సీళ్లు మార్చాలి, కడిగిన నీళ్లు, పాత కూలెంట్ బయట పారబొయ్యొద్దు, గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు తాగితే చచ్చిపోతాయి.

ఆఖరికి పౌడర్ సంగతి. ఆ పౌడర్లు బయటికి కారే సన్న బొక్కలో చేరి దాన్ని మూసేలాగా చేసినవి, రేడియేటర్ ట్యూబులో సన్న లీకుకైతే ఇంటికి చేరడానికి పనికిరావచ్చు. మీ లీకు ఇంజన్ లోపల, అవతలి వైపు ఉన్నది ఆయిలూ, దాని ప్రెషరూ. అక్కడ ఆ పౌడర్ నిలబడదు, పైగా అదే నీళ్లతో పాటు ఆయిల్లోకి వచ్చి చేరుతుంది, ఆయిల్ కూలర్ పలకల మధ్య సన్న దారులు, హీటర్, రేడియేటర్ అన్నీ మూసుకుపోయి లీకు కథ కాస్తా ఓవర్ హీట్ కథ అవుతుంది. ఇప్పటికే పోసేసి ఉంటే ఆ మాట మెకానిక్‌కి ముందే చెప్పండి, థర్మోస్టాట్ విప్పి చూడమనండి, ప్రెషర్ టెస్టులో చుక్క రావడానికి ఎక్కువ సేపు పడుతుందని కూడా గుర్తుపెట్టుకోమనండి.